మోటార్‌హోమ్‌లో ఏ పనిముట్లు పెట్టుకోవాలి, ఎక్కడ పెట్టుకోవాలి

కిందటేడు ఎండాకాలంలో బెంగళూరు నుంచి అనంతపురం, మా పుట్టింటికి, బండిలో వెళ్తున్నాం. బాగేపల్లి దాటాక వెనకనుంచి మా చిన్నోడు "అమ్మా, కాళ్ల కింద నీళ్లు" అని అరిచాడు. మాది పాత ట్రావెలర్ వ్యాన్, లోపల మంచం, వంటగట్టు, 80 లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టించి మోటార్‌హోమ్‌గా మార్పించుకున్నాం. వాటర్ పంపు దగ్గర పైపుకి బిగించిన హోస్ క్లిప్ కుదుపులకి వదులైపోయింది, పైపులో ప్రెషర్ పడిపోగానే పంపు దానంతట అదే ఆన్ అవుతుంది కదా, అలా ఆగకుండా తిరుగుతూ ట్యాంకులో సగం నీళ్లు నేల మీద పోసేసింది. క్లిప్ స్క్రూని నాలుగు తిప్పులు తిప్పితే పోయే పని. కానీ టూల్ కిట్టు మంచం కింద, మడత కుర్చీల వెనక, బట్టల బ్యాగుల కింద ఉంది. అన్నీ దించి దాన్ని బయటికి తీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది, తీశాక చూస్తే ఆ స్క్రూకీ గోడకీ మధ్య ఉన్న సందు నాలుగు వేళ్లంత. మా కిట్టులో ఉన్న స్క్రూడ్రైవర్లన్నీ జానెడు పొడవువి, ఒక్కటీ పట్టలేదు. పంపు స్విచ్ ఆపేసి, సీసా నీళ్లతో సరిపెట్టుకుంటూ ఇల్లు చేరాం.

మా నాన్న బస్ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. తన సంచిలోంచి బొటనవేలంత పొట్టి స్క్రూడ్రైవర్ తీసి రెండు నిమిషాల్లో బిగించేశారు. తర్వాత మా కిట్టు తెరిచి చూసి "ఏమ్మా, ఇన్ని పెట్టుకున్నావు, వీటిలో మీ బండికి పట్టేవి ఎన్ని?" అని అడిగారు. కూర్చుని లెక్క పెట్టాను. 46 ముక్కల సెట్టులో మా బండిలో ఎక్కడో ఒక చోట పనికొచ్చేవి 11.

అందుకే ఎవరైనా కొత్తగా బండి చేయించుకుని "ఏ కిట్టు కొనాలి?" అని అడిగితే, ముందు ఏమీ కొనకండి అని చెప్తాను. ఒక ఆదివారం పొద్దున్నే నోటుబుక్కు, పెన్ను పట్టుకుని బండి చుట్టూ తిరగండి. తెలిసినవాళ్ల దగ్గరో, పక్కింటి మెకానిక్ దగ్గరో పానాలు అడిగి తెచ్చుకుని, బండిలో విప్పడానికి వీలున్న ప్రతి నట్టునీ, స్క్రూనీ ఒకసారి వదులు చేసి మళ్లీ బిగించండి. వీల్ నట్లు, బ్యాటరీ టెర్మినళ్లు, పంపు బిగించిన స్క్రూలు, హోస్ క్లిప్పులు, అల్మరా బందులు, కప్పు మీద సోలార్ ప్యానెల్ క్లాంపులు, స్టవ్ కింద బ్రాకెట్, అన్నీ. సైజు రాసుకోవడం సగం పనే. చెయ్యి తిప్పడానికి చోటుందా, స్పానర్ ఎంత పొట్టిదైతే తిరుగుతుంది, కళ్లకి కనిపిస్తుందా లేక తడిమి చూడాలా, ఇవి కూడా రాసుకోండి. మా బండిలో 10, 13, 17 ఎంఎం నట్లే మళ్లీ మళ్లీ వచ్చాయి, అల్మరాలన్నిటికీ రెండో నంబర్ స్టార్ స్క్రూలు, సోలార్ క్లాంపులకి అలెన్ కీ. మీ బండిలో వేరేవి ఉండొచ్చు. మాకు లోపలి పని చేసినవాళ్లు చేతికి ఏది దొరికితే ఆ స్క్రూ కొట్టేశారు, ఒకే తలుపుకి మూడు రకాలు. ఒక రోజు కూర్చుని వాటన్నిటినీ ఒకే రకానికి మార్చేశాం, దాంతో నాలుగు పనిముట్లు తగ్గిపోయాయి. ఈ పని మాత్రం తప్పకుండా చేయండి, స్క్రూలకి రెండు మూడు వందలకి మించి ఖర్చవదు.

ఆ నోటుబుక్కు పేజీయే కొనాల్సిన వాటి లిస్టు. బెంగళూరులో ఉంటే దాన్ని పట్టుకుని పనిముట్ల షాపులుండే ఎస్‌జేపీ రోడ్‌కి వెళ్లండి. కారులో మాత్రం వద్దు, అక్కడ పార్కింగ్ దొరకదు, మెట్రో గ్రీన్ లైన్‌లో కేఆర్ మార్కెట్ స్టేషన్‌లో దిగి నడవండి. సెట్టుగా కాకుండా విడివిడిగా అడగండి, ఇస్తారు. షాపులవాళ్లలో కొందరికి తెలుగు అర్థమవుతుంది, రాకపోయినా "టెన్-ఎలెవన్ రింగ్" అంటే చాలు, 10-11 సైజు గుండ్రటి నోటి స్పానర్ ఇస్తారు. మన దగ్గర డబుల్ ఎండ్ స్పానర్లు 10-11, 12-13, 16-17 ఇలా జంట సైజుల్లో వస్తాయి కాబట్టి మూడు నాలుగు కొంటే మీ లిస్టు దాదాపు అయిపోతుంది. విప్పిన పాత స్క్రూ ఒకటి, పాత హోస్ క్లిప్ ఒకటి జేబులో వేసుకెళ్లండి. స్క్రూడ్రైవర్ మొనని ఆ స్క్రూలో పెట్టి, అడ్డంగా పట్టుకుని వదిలి చూడండి, స్క్రూ జారకుండా నిలబడితే అది మీకు సరైన మొన. టపారియా లాంటి మామూలు బ్రాండు చాలు, మరీ ఖరీదైనవి అక్కర్లేదు. కానీ ఫుట్‌పాత్ మీద కిలోల లెక్కన అమ్మే మెత్తటి ఇనుము స్పానర్లు మాత్రం కొనకండి, వాటి నోరు సాగిపోయి నట్టు మూలలు అరిగిపోతాయి, ఆ తర్వాత మంచి స్పానర్ తెచ్చినా పట్టు దొరకదు.

జాకీ, వీల్ స్పానర్ సంగతి వేరు. ట్యాంకు నింపి, సిలిండర్ పెట్టి, సామాను సర్ది, అందరూ ఎక్కాక బండిని ఒకసారి వేబ్రిడ్జ్ మీద తూకం వేయించండి. లీటరు నీళ్లు కిలో బరువు, 80 లీటర్ల ట్యాంకంటే ఇంకో మనిషిని ఎక్కించుకున్నట్టే. బండితో వచ్చిన జాకీ ఈ కొత్త బరువుకి సరిపోతుందో లేదో తూకం చీటీ చూశాకే తెలుస్తుంది. సరిపోకపోతే బెంగళూరు జేసీ రోడ్‌లో స్పేర్ పార్ట్స్ షాపుల్లో బాటిల్ జాకీ (సీసాలా నిలువుగా ఉండే నూనె జాకీ) తీసుకోండి, దించినప్పుడు అది ఛాసిస్ కింద దూరేంత ఎత్తే ఉందా, లేపితే చక్రం నేల వదిలేంత లేస్తుందా అని రెండూ కొలుచుకుని మరీ. జాకీ కింద వేయడానికి రెండంగుళాల మందం చెక్క ఒకటి కావాలి, వాన పడ్డ ఎర్రమట్టిలో, బీచ్ దగ్గర ఇసుకలో జాకీ బండిని లేపకుండా తనే నేలలోకి దిగిపోతుంది. చక్రాలకి అడ్డం పెట్టే దిమ్మెలు రెండు. నట్లు చక్రం నేల మీద ఉండగానే వదులు చేయాలి, జాకీ ఎత్తాక కాదు. ఇంకొకటి గట్టిగా చెప్తున్నాను, ఒక్క జాకీ మీద నిలబడ్డ బండి కిందికి తల పెట్టకండి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకండి.

టైర్ షాపులో గాలి గన్నుతో బిగించిన నట్లు రోడ్డు మీద మన చేతికి లొంగవు. నేనైతే షాపు వదలకముందే మా వీల్ స్పానర్‌తో ఒక్కో నట్టు వదులు చేసి చూస్తాను. రాకపోతే అక్కడే చెప్పి, బండి పుస్తకంలో ఉన్న టార్క్‌కి, అంటే ఎంత బలంతో బిగించాలో ఆ లెక్కకి, టార్క్ రెంచ్‌తో బిగించమంటాను. చక్రం మార్చాక యాభై, వంద కిలోమీటర్లు వెళ్లి ఆగి నట్లు మళ్లీ చూసుకోవాలి.

కరెంటు పనికి వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి తప్పనిసరి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక స్టార్టింగ్ బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2కి వచ్చిందంటే దాదాపు సగానికి దిగినట్టు, ఇంజిన్ ఆన్‌లో ఉంటే 14కి అటూ ఇటూ ఉండాలి. లోపలి లైట్లకీ ఫ్రిజ్‌కీ లిథియం బ్యాటరీ ఉంటే ఈ లెక్క పనిచేయదు, దాని వోల్టేజీ చివరిదాకా పెద్దగా మారదు, దానికి బ్యాటరీ మానిటర్‌నే చూసుకోవాలి. వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ కొంటున్నట్టయితే అది డీసీ ఆంపియర్లు చూపిస్తుందో లేదో షాపులోనే అడగండి, చవకవి చాలావరకు ఏసీ మాత్రమే చూపిస్తాయి, మన 12 వోల్టుల వైరింగ్‌కి అవి దండగ. ఫ్యూజులు రంగుల్లో గుర్తుపెట్టుకోవడం సులభం, 10 ఆంపియర్లు ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. మీ బండిలో ఉన్నవి తలా మూడు. పోయిన దాని స్థానంలో పెద్దది వేయకూడదు, ఫ్యూజు కాలాల్సిన చోట వైరు కాలుతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివ్ ముందు, పెట్టేటప్పుడు నెగటివ్ చివర. బ్యాటరీకి వాడే ఆ ఒక్క స్పానర్‌కి, నోరు వదిలేసి మిగతా కాడంతా ఇన్సులేషన్ టేప్ చుట్టేయండి, జారి రెండు టెర్మినళ్ల మీద పడితే నిప్పులు చిమ్ముతుంది.

ఇక చిన్నా చితకా: రెండు సైజుల హోస్ క్లిప్పులు అరడజను, టెఫ్లాన్ టేప్, ఎం-సీల్, జిప్ టైలు, రెండు మీటర్ల వైరు, గాలి మీటరు, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్టు, పాత బ్లేడు రంపం ముక్క, కటింగ్ ప్లయర్. సబ్బునీళ్లకి ఒక స్ప్రే బాటిల్, గ్యాస్ పైపు జాయింట్ల మీద కొడితే లీకున్న చోట బుడగలొస్తాయి. డ్రిల్లింగ్ మిషన్, పెద్ద సుత్తి, గ్రైండర్ ఇంట్లో వదిలేయండి. వాటితో చేసే పని రోడ్డు పక్కన చేసేది కాదు, ఏ ఊళ్లో అయినా వెల్డింగ్ షాపు ఉంటుంది.

సర్దడం దగ్గర చాలామంది స్పానర్లన్నీ ఒక చోట, కరెంటు సామాను ఒక చోట అని రకం ప్రకారం సర్దుతారు, మేమూ అలాగే చేశాం. ఎంత తొందరగా కావాలి అన్న లెక్కన సర్దాలి. క్షణాల్లో కావాల్సినవి డ్రైవర్ చేతికి అందాలి: టార్చ్, గ్లవ్స్, ఫ్యూజులు, రోడ్డు మీద పెట్టే ట్రయాంగిల్. మంటలార్పే సిలిండర్ ఎక్కే తలుపు పక్కనే, లోపల నిలబడ్డవాళ్లకీ బయట ఉన్నవాళ్లకీ అందేలా. జాకీ, చెక్క, దిమ్మెలు, వీల్ స్పానర్ బయటినుంచి తెరుచుకునే పెట్టెలో ఉండాలి, వానలో మంచం ఎత్తాల్సిన పని రాకూడదు. ఈ పెట్టె ఎంత కిందికి, రెండు ఇరుసుల మధ్యకి ఉంటే అంత మంచిది. బరువైనవి పై అరల్లో అస్సలు వద్దు, 80 స్పీడులో గుద్దుకుంటే పై అరలోని స్పానర్ సెకనుకి 22 మీటర్ల వేగంతో ముందు సీటు మీదికి వస్తుంది. గ్యాస్ సిలిండర్ అరలోనూ ఏమీ పెట్టకండి, ఎల్‌పీజీ గాలికంటే బరువు కాబట్టి లీకైతే కిందికి దిగుతుంది, అది బయటికి పోవడానికే ఆ అర అడుగున కన్నం పెడతారు, టూల్ బ్యాగు దాని మీద కూర్చుంటే గ్యాస్ లోపలే నిలిచిపోతుంది. బ్యాటరీ అర కూడా అంతే, ఖాళీగా ఉంచండి.

మిగతా చేతి పనిముట్లకి ఇనప పెట్టె కొనకండి, రోడ్డంతా గలగలమంటుంది. మా నాన్న సంచి చూసి మా వీధి టైలర్‌తో పాత జీన్స్ ప్యాంటు రెండు కాళ్లూ కలిపి ఒక చుట్ట కుట్టించాను, పరిస్తే మూరన్నర పొడవు, 14 జేబులు, పైన మడత, కట్టడానికి నాడా. ఒక్కో జేబు అంచున దారంతో ముడులు వేయించాను. 10 స్పానర్ జేబుకి ఒక ముడి, 13కి రెండు, 17కి మూడు. పొట్టి స్క్రూడ్రైవర్ మొట్టమొదటి జేబు. చీకట్లో వేళ్లతో తడిమితే దొరుకుతాయి, ఏ జేబు ఖాళీగా ఉందో చూస్తే ఏది రోడ్డు మీద మర్చిపోయామో కూడా తెలిసిపోతుంది. చుట్ట మీద పాత సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు రింగు వేస్తే కదలదు.

తుప్పు సంగతి బెంగళూరులో అంతగా పట్టించుకోనక్కర్లేదు కానీ సూర్యలంకో, గోకర్ణో బీచ్‌కి వెళ్లొస్తే మాత్రం ఉప్పుగాలికి వారంలో ఎర్రటి మచ్చలు వస్తాయి. ఇల్లు చేరగానే పొడి గుడ్డతో తుడిచి, కుట్టు మిషన్ నూనె చుక్క వేసి రుద్దండి. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు చుట్టలో వేయండి. తడి స్పానర్‌ని జేబులో పెట్టకండి, జీన్స్ గుడ్డ నీళ్లు పీల్చి మిగతావాటికీ అంటిస్తుంది.

అన్నీ సర్దాక, మొదటి ట్రిప్పుకి ముందు ఒక రాత్రి పార్కింగ్‌లో లైట్లు ఆపేసి టార్చ్ ఒక్కటే పట్టుకుని చేసి చూడండి: జాకీ బయటికి రావాలి, ఒక వీల్ నట్టు వదులవ్వాలి, పంపు క్లిప్ ఒక తిప్పు తిరగాలి, నట్టునీ క్లిప్‌నీ మళ్లీ గట్టిగా బిగించాలి, అన్నీ తిరిగి వాటి చోటికి చేరాలి. నేనూ మా ఆయనా మొదటిసారి చేసినప్పుడు అరగంట పట్టింది, చెక్క ఎక్కడుందో ఇద్దరికీ గుర్తులేదు. మూడోసారికి పది నిమిషాలకి వచ్చింది, చుట్టలోంచి రెండు ముడుల జేబు తడిమి 13 స్పానర్ అందించింది మా చిన్నోడే.