పాత ఈయూ రూల్ స్కాట్లాండ్‌లో ఇంకా నడుస్తోందా? చెక్ చేసే పద్ధతి

బెంగళూరు నుంచి యూకేకి పచ్చళ్ళు పంపే మనవాళ్ళు, వాళ్ళ లేబుల్స్ చూసిపెట్టే జూనియర్లు అడిగేది ఒకటే, బ్రెగ్జిట్ అయిపోయింది, అంటే యూకే ఈయూ (యూరోపియన్ యూనియన్) నుంచి బయటికొచ్చేసింది కదా, ఇంకా ఈయూ రూల్స్ గోలేంటి అని. అయిపోయింది గానీ రూల్స్ ఎక్కడికీ పోలేదండీ. ఈయూ నుంచి బయటికి రావడానికి చేసుకున్న 2018 విత్‌డ్రాయల్ యాక్ట్ వాటిలో చాలావాటిని ఉన్నదున్నట్టు యూకే చట్టంలోకి తెచ్చిపెట్టుకుంది, 2020 డిసెంబర్ 31 రాత్రి నుంచి అవి వాళ్ళ సొంతం. 2014లో తెలంగాణ వచ్చాక కూడా ఆంధ్రప్రదేశ్ పేరున్న చట్టాలే అక్కడ నడిచాయి చూడండి, తర్వాత మెల్లగా పేర్లు మార్చుకున్నారు, అలాగే ఇదీ.

ముందు ఆ సబ్జెక్ట్ ఎవరి చేతిలో ఉందో తేల్చుకోండి. ఫుడ్ లేబులింగ్, పర్యావరణం ఎడిన్‌బరో (స్కాట్లాండ్ ప్రభుత్వం) చూసుకుంటుంది, కస్టమ్స్ లండన్‌ది (యూకే ప్రభుత్వం).

తర్వాత యూకే ప్రభుత్వ లెజిస్లేషన్ సైట్‌లో రూల్ నంబర్ కొట్టండి, ఆవకాయకైతే ఫుడ్ లేబుల్స్ రూల్ 1169/2011. ఈయూ సైట్‌లో ఉన్న కాపీ చదవొద్దు, రెండిటి దారులూ 2020 తర్వాత వేరు. ఆ రూల్ అనెక్స్ 2లో 14 అలెర్జెన్స్ (అలర్జీ తెచ్చే పదార్థాలు) ఉంటాయి, అందులో ఆవాలూ ఉన్నాయి, నువ్వులూ ఉన్నాయి, అంటే మన ఆవపిండి, పప్పునూనె రెండూ లేబుల్ మీద బోల్డ్ లాంటి అక్షరాల్లో కొట్టొచ్చినట్టు కనపడాలి. ఇంగువ డబ్బా కూడా ఒకసారి తిప్పి చూడండి, చాలావాటిలో గోధుమపిండి కలిపి ఉంటుంది, అదీ లిస్టులోదే.

ఇక 2023 యాక్ట్, అంటే ఇలా తెచ్చిపెట్టుకున్న ఈయూ రూల్స్‌ని ఏరివేయడానికి లండన్ చేసిన చట్టం. మొదట్లో 2023 చివరికి పాతవి దాదాపు అన్నీ పోవాలన్నారు, తర్వాత తగ్గి ఓ 600 మాత్రం రద్దు చేశారు. మీ రూల్ ఆ యాక్ట్ షెడ్యూల్ 1లో (రద్దు జాబితాలో) లేకపోతే అప్పటికి బతికినట్టే. పాత ఫైల్స్‌లో రిటైన్డ్ ఈయూ లా అని ఉన్నదే 2024 జనవరి 1 నుంచి అసిమిలేటెడ్ లా అయింది, కాకపోతే యూకే చట్టాల మీద దానికున్న పైచేయి పోయింది.

ఈ 2023 యాక్ట్ బిల్లుగా ఉన్నప్పుడు స్కాటిష్ పార్లమెంట్ ఒప్పుకోలేదు, అయినా లండన్ పాస్ చేసేసింది. వాళ్ళూ తక్కువ తినలేదు లెండి, 2021లోనే కంటిన్యుటీ యాక్ట్ చేసుకున్నారు, ఈయూ రూల్ మారితే తామూ మార్చుకోవచ్చని, 2022లో తాగునీటి రూల్స్‌కి వాడారు కూడా. అందుకే స్కాటిష్ రెగ్యులేషన్స్ విడిగా వెతకాలి, చాలామంది వదిలేసేది ఇక్కడే. అక్కడ కఠినంగా ఉన్నా, ఇంగ్లాండ్‌లో చట్టప్రకారం అమ్మే సరుకు మామూలుగా స్కాట్లాండ్‌లోనూ అమ్ముకోవచ్చు, 2020 ఇంటర్నల్ మార్కెట్ యాక్ట్ పుణ్యం, కొన్ని మినహాయింపులున్నాయి, సింగిల్ యూజ్ ప్లాస్టిక్ లాంటివి.

ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌కి నేరుగా పంపేట్టయితే మాత్రం, అక్కడ ఫుడ్‌కి ఈయూ రూల్సే కాబట్టి, ఇదంతా పక్కన పెట్టి ఈయూ సైట్‌లోదే చదవండి.