కొత్తగా బిగించిన కంప్యూటర్ ఆన్ కావట్లేదా? షాపుకి తీసుకెళ్ళే ముందు ఇంట్లోనే ఇలా చూసుకోండి

మొన్న దసరా సెలవుల్లో ఒక రాత్రి పదకొండింటికి కుషాయిగూడ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్ మీద మాత్రం ఏమీ రావట్లేదు. ప్రాసెసర్ కాలిపోయిందేమో!" ఏడుపొక్కటే తక్కువ. ఆరు నెలల స్టైపెండ్ దాచుకుని, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంతా తిరిగి, ఒక్కో పార్టూ బేరమాడి తెచ్చుకున్నాడు. పొద్దున్నుంచీ కూర్చుని బిగించుకున్నాడు. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"ముందు ఆఫ్ చేసి, మంచినీళ్ళు తాగురా" అన్నాను. సీలు విప్పిన కొత్త ప్రాసెసర్ చెడిపోయి ఉండటం చాలా అరుదు. ఎక్కువసార్లు తప్పు సగమే దిగిన ర్యామ్ (మెమరీ పలక) దగ్గరో, మర్చిపోయిన కేబుల్ దగ్గరో ఉంటుంది. వాడికి ఫోన్‌లో వరుసగా ఏం చెప్పానో అదే ఇక్కడ రాస్తున్నాను. ఒక్క మాట మాత్రం మొదటినుంచీ గుర్తుంచుకోండి: ఒకసారికి ఒక్కటే మార్చి, ఆన్ చేసి చూడండి. నాలుగూ కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు, దేనివల్ల చెడిందో అసలే తెలియదు.

మన దగ్గర డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనటం అలవాటు. ఈ వ్యాసంలో డబ్బాని క్యాబినెట్ అనీ, చిప్పుని ప్రాసెసర్ అనీ అంటాను.

ముందు కరెంటు సంగతి

లోపల చెయ్యి పెట్టే ప్రతిసారీ, పార్టులకి కరెంటు అందించే పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి, గోడ దగ్గర ప్లగ్ తీసి, పవర్ బటన్‌ని ఐదారు సెకన్లు నొక్కి పట్టుకోండి. మిగిలిన చార్జ్ దిగిపోతుంది. పార్టులు పట్టుకునే ముందు క్యాబినెట్‌లో పెయింట్ లేని ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి. ఎస్‌ఎంపీఎస్‌ని మాత్రం ఏ పరిస్థితిలోనూ విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా దాని కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జ్ నిలిచి ఉండొచ్చు.

క్యాబినెట్ తాకితే చేతికి జివ్వుమంటోందా? అంటే ఎర్తింగ్ అందట్లేదు. పాత అపార్ట్‌మెంట్లలో, చవక ఎక్స్‌టెన్షన్ బోర్డుల్లో ఇది మామూలే. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కి నేరుగా పెట్టి చూడండి. అక్కడా జివ్వుమంటే కంప్యూటర్ సంగతి పక్కనపెట్టి ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోతే

అదే సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ గీత గుర్తు వైపు ఉండాలి, సున్నా గుర్తు వైపు ఉంటే ఆఫ్. కొన్ని పాత రకాలకి 115, 230 అని ఎర్రటి మీట ఉంటుంది. మన కరెంటు 230 వోల్టులు కాబట్టి అది 230 మీదే ఉండాలి.

తర్వాత పార్టులన్నీ కూర్చునే పెద్ద బోర్డు, అంటే మదర్‌బోర్డు కుడి అంచున ఉండే 24 పిన్నుల పెద్ద కేబుల్ చూడండి. ఒక పక్క కాస్త పైకి లేచి ఉన్నా పనిచేయదు. కొక్కెం పడిన చప్పుడు వినిపించేదాకా నొక్కండి.

అప్పటికీ కదలిక లేకపోతే అనుమానం క్యాబినెట్ బటన్ మీదకి వెళ్ళాలి. బటన్ నుంచి వచ్చే సన్నటి రెండు తీగలు మదర్‌బోర్డు కింది అంచున, మాన్యువల్‌లో పవర్ స్విచ్ అని చూపించిన రెండు పిన్నులకే వెళ్ళాలి. పక్కనే రీసెట్ పిన్నులు, లైట్ల పిన్నులు ఉంటాయి, ఒక్క వరస జరిగితే చాలు ఏమీ జరగదు. ఈ స్విచ్‌కి ప్లస్, మైనస్ అంటూ లేవు, ఎటు పెట్టినా ఫర్వాలేదు. లైట్లకి మాత్రం ఉన్నాయి. సరిగ్గా పెట్టినా ఆన్ కాకపోతే, తీగలు తీసేసి, ప్లగ్ పెట్టి, ఆ రెండు పిన్నులని మాత్రమే స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. అక్కడ ఉండేది చిన్న వోల్టేజీయే, షాక్ కొట్టదు. అప్పుడు ఆన్ అయితే తప్పు బటన్‌ది.

ఫ్యాన్లు తిరుగుతూ తెర నల్లగా ఉంటే

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, మా తమ్ముడు ఆగిందీ ఇక్కడే. కంగారు పడకుండా ఒక్కొక్కటీ చూసుకోవాలి.

మానిటర్ కేబుల్‌తో మొదలుపెట్టండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే హెచ్‌డీఎంఐ కేబుల్ కార్డుకే పెట్టాలి, మదర్‌బోర్డుకి కాదు. కార్డు లేకపోతే మీ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉందో లేదో చూసుకోండి. ఐ5 12400ఎఫ్ లాగా పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ చిప్పుల్లో ఉండదు. రైజెన్ 5 5600లోనూ లేదు, 5600జీలో ఉంది. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేనప్పుడు కార్డు పెట్టకుండా ఎన్ని గంటలు చూసినా బొమ్మ రాదు.

తర్వాత ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే 8 పిన్నుల కేబుల్. మదర్‌బోర్డు పైన ఎడమ మూలలో, ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్‌సింక్ (కూలర్) నీడలో ఉంటుంది కాబట్టి చాలామంది మర్చిపోతారు. అది లేకపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, ప్రాసెసర్ మాత్రం లేవదు. ఈ కేబుల్ నాలుగు, నాలుగుగా విడిపోతుంది. ఆరు, రెండుగా విడిపోయేది గ్రాఫిక్స్ కార్డుది. ఒకదాని చోట ఇంకొకటి బలవంతంగా దూర్చకండి. పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్ళు కొత్తదానికి అసలు వాడొద్దు. కొన ఒకేలా ఉన్నా లోపలి తీగల వరస వేరుగా ఉండొచ్చు, అలా పెట్టి పార్టులు కాల్చుకున్నవాళ్ళున్నారు.

ఇక ర్యామ్. కొత్తవాళ్ళు బోర్డు విరుగుతుందేమోనన్న భయంతో మెల్లగా పెడతారు. నిజానికి కాస్త గట్టిగానే, రెండు కొనలూ సమంగా నొక్కాలి. క్లిప్ తనంతట తానే మూసుకుని టక్కుమనాలి. నాలుగు స్లాట్లుండి ర్యామ్ రెండైతే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టండి. దాదాపు అన్ని బోర్డులకీ ఇదే వరస, అయినా మాన్యువల్ ఒకసారి చూసుకోండి. రెండూ పెట్టినా రాకపోతే ఒక్కటే రెండో స్లాట్‌లో పెట్టి చూడండి, తర్వాత రెండోది అదే స్లాట్‌లో. మా తమ్ముడిది సరిగ్గా ఇదే. ఒక ర్యామ్ ఒక చివర టక్కుమంది, రెండో చివర గోరంత పైకి ఉంది. తీసి మళ్ళీ నొక్కాడు.

అంతటితో తెర వెంటనే వెలగలేదు. డీడీఆర్5 ర్యామ్ మొదటిసారి ఆన్ అయినప్పుడు బోర్డు దాన్ని పరీక్షించుకుంటూ సరిచేసుకుంటుంది, ముఖ్యంగా కొత్త రైజెన్ చిప్పులు పట్టే ఏఎం5 బోర్డుల్లో. అందుకు కొన్ని నిమిషాలు పడుతుంది, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. మధ్యలో ఆపేస్తే పని మళ్ళీ మొదటికి వస్తుంది. పదిహేను నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయమన్నాను. "వచ్చింది అన్నా!" అని వాడు అరిచిన అరుపుకి పక్కన పడుకున్న పిన్ని లేచి కూర్చుంది.

చాలా కొత్త బోర్డుల మీద ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్ అనే నాలుగు చిన్న లైట్లు వరసగా ఉంటాయి. ఏది వెలిగి ఆరకుండా నిలబడిందో తప్పు అక్కడ వెతకాలి. ఈ లైట్లున్న బోర్డు అయితే ముందు వాటినే చూడండి, సగం పని తప్పుతుంది.

ప్రాసెసర్ లైటు దగ్గరే ఆగిపోయి, కేబుళ్ళన్నీ సరిగ్గా ఉంటే బయోస్, అంటే ఆన్ చేయగానే బోర్డులో మొదట నడిచే ప్రోగ్రామ్, పాతది కావచ్చు. ఏఎం5 రకానికే చెందిన బీ650 బోర్డులు 2022లో వచ్చాయి, వాటిలో పనిచేసే రైజెన్ 9000 చిప్పులు 2024లో వచ్చాయి. షాపులో రెండేళ్ళ నుంచి ఉన్న బోర్డుకి కొత్త చిప్పు గురించి తెలియదు. వెనక బయోస్ ఫ్లాష్ బటన్ ఉంటే, కంపెనీ సైటు నుంచి ఫైల్ దింపి, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌తో ప్రాసెసర్ లేకుండానే అప్‌డేట్ చేయొచ్చు. మధ్యలో కరెంటు పోతే బోర్డుకే ప్రమాదం. వాన మొదలై గాలి వీస్తున్న సాయంత్రం ఈ పని పెట్టుకోకండి, యూపీఎస్ ఉంటే దాని మీదే చేయండి.

ఏదీ తేలకపోతే ప్లగ్ తీసి, బోర్డు మీద రూపాయి బిళ్ళలా కనిపించే సీఆర్ 2032 బ్యాటరీని ఐదు నిమిషాలు బయటికి తీసి మళ్ళీ పెట్టండి. సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి.

ఆన్ అయి వెంటనే ఆరిపోతుంటే

హీట్‌సింక్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే తీశారా? తీయకపోతే ప్రాసెసర్ వేడెక్కి తనని తాను కాపాడుకోవటానికి ఆగిపోతుంది. ఇంటెల్ పాత తరహా కూలర్‌కి నాలుగు కాళ్ళుంటాయి, ఒక్కటి దిగకపోయినా కూలర్ వంకరగా నిలబడుతుంది. దాని ఫ్యాన్ తీగ బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసిన చోటే ఉండాలి.

ఒక్క సెకను వెలిగి ఆరిపోతే షార్ట్ అనుమానించండి. బోర్డు కింద దాన్ని ఎత్తి పట్టే చిన్న ఇత్తడి కాళ్ళు, అంటే స్టాండాఫ్‌లు, స్క్రూ రంధ్రాలున్న చోటే ఉండాలి. ఒకటి ఎక్కువై బోర్డు వెనక తగిలినా, జారిపడిన స్క్రూ కింద ఇరుక్కున్నా ఇంతే.

దీన్ని తేల్చటానికి మంచి దారి బోర్డుని బయటికి తీయటం. మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టె మీద దాన్ని పెట్టండి. అది చుట్టి వచ్చిన మెరిసే కవర్ మీద మాత్రం పెట్టొద్దు, కొన్ని కవర్ల పైభాగంలో కరెంటు పారుతుంది. ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్, రెండు పవర్ కేబుళ్ళు, అవసరమైతే గ్రాఫిక్స్ కార్డు. ఇంతే పెట్టి ఆన్ చేయండి. బయట పనిచేసి క్యాబినెట్‌లో పనిచేయకపోతే తప్పు క్యాబినెట్ వైపే ఉంది. బయటా రాకపోతే ప్రాసెసర్ తీసి, అది కూర్చునే సాకెట్‌లోని పిన్నులని (రైజెన్ 5600 లాంటి వాటికి పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి) టార్చి వెలుగులో అన్ని వైపుల నుంచీ చూడండి. ఒక్కటి వంగినా వరసలో మెరుపు తేడాగా కనిపిస్తుంది. వేలితో తాకకండి.

బయోస్ వచ్చి, విండోస్ రాకపోతే

కష్టమైన భాగం దాటేశారు. బయోస్‌లో ఎస్‌ఎస్‌డీ (విండోస్, ఫైళ్ళు ఉండే డ్రైవ్) పేరు కనిపించకపోతే తీసి మళ్ళీ బిగించండి. కనిపిస్తూ బూట్ కాకపోతే అందులో ఇంకా విండోస్ లేదన్నమాట, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టాలర్ తయారుచేసుకోండి. ఇన్‌స్టాల్ మధ్యలో రీస్టార్ట్ అయినప్పుడు మళ్ళీ మొదటి పేజీయే వస్తుంటే పెన్‌డ్రైవ్ తీసేయండి.

షాపుకి వెళ్ళాల్సి వస్తే

ఏ లైటు వెలిగింది, ఏ ర్యామ్ ఏ స్లాట్‌లో పెట్టి చూశారు, ఇవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. బిల్లులు, పెట్టెలు, ప్రాసెసర్ సాకెట్ మీద వచ్చిన నల్ల మూత కూడా తీసుకెళ్ళండి, ఆ మూత లేకపోతే వారంటీకి ఇబ్బంది పెట్టొచ్చు. షాపులో ఆన్ అయింది, ఇంటికొచ్చాక కాలేదు అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. ఆటోలో స్పీడ్ బ్రేకర్ల మీద ఎగిరెగిరి పడితే బరువైన గ్రాఫిక్స్ కార్డు స్లాట్‌లో కదులుతుంది. బయల్దేరే ముందు కార్డు విప్పి దాని పెట్టెలో పెట్టుకోండి, క్యాబినెట్‌ని గ్లాసు వైపు పైకి ఉండేలా సీటు మీద పడుకోబెట్టి తీసుకెళ్ళండి.