పిల్లల కీళ్ల నొప్పి: స్టెరాయిడ్ వేసే ముందు లుకేమియా కాదని ఎలా తేల్చుకోవాలి?

మోకాలు వాచి, జ్వరం వచ్చిపోతూ, బిడ్డ కుంటుతుంటే చాలాసార్లు అది పిల్లల్లో వచ్చే కీళ్లవాతమే, దానికి స్టెరాయిడ్ వేస్తుంటారు. కానీ లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ కూడా కొందరు పిల్లల్లో అచ్చం ఇలాగే మొదలవుతుంది. ఎముక మూలుగలో క్యాన్సర్ కణాలు కిక్కిరిసిపోవడమే ఆ నొప్పికి కారణం.

1. నొప్పి ఎప్పుడు వస్తోందో గమనించండి. కీళ్లవాతంలో పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుపోయి, తిరిగేకొద్దీ వదులవుతాయి. బిడ్డ రాత్రి నిద్రలోంచి ఏడుస్తూ లేస్తున్నా, వాపు కొంచెమే ఉండి నొప్పి భరించలేనంత ఉన్నా అనుమానించాలి. ముఖం పాలిపోవడం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం, మెడలో గడ్డలు కనిపిస్తే ఆ రోజే డాక్టర్‌కి చూపించండి.

2. సీబీసీ (రక్తకణాల లెక్క), ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు ఉందా అని చూసేది), స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూడడం), ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) పరీక్షలు చేయించండి. రిపోర్టులో ప్లేట్‌లెట్లు తప్పక చూడండి. కీళ్లవాతం బాగా ఉధృతంగా ఉంటే ఈఎస్ఆర్‌తోపాటు సాధారణంగా అవీ పెరుగుతాయి. ఈఎస్ఆర్ ఎక్కువగా ఉండి ప్లేట్‌లెట్లు 1.5 లక్షల దగ్గరో, అంతకన్నా తక్కువో ఉంటే, తెల్ల కణాలు 4,000 లోపు పడిపోతే, ఎందుకలా ఉందని డాక్టర్‌ని అడగండి. ఏఎన్ఏ (కీళ్లవాతం అనుమానంతో చేసే యాంటీబాడీ పరీక్ష) పాజిటివ్ వచ్చిందని కీళ్లవాతమే అనుకోవద్దు, లుకేమియాలోనూ అది పాజిటివ్ రావచ్చు. స్మియర్‌లో క్యాన్సర్ కణాలు కనపడకపోయినా ధైర్యపడకండి. తొలి రోజుల్లో అవి మూలుగలోనే ఉండి, రక్తంలోకి రాకపోవచ్చు.

3. అనుమానం మిగిలితే స్టెరాయిడ్ కంటే ముందు మూలుగ పరీక్ష జరగాలి. నేను మరీ గట్టిగా చెప్పేది ఇదే. స్టెరాయిడ్ లుకేమియా కణాలను కూడా చంపుతుంది. దాంతో నొప్పి, జ్వరం తగ్గి బిడ్డ కోలుకున్నట్టే కనిపిస్తుంది, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. తర్వాత చేసే పరీక్షలో కూడా సరిగ్గా తేలకపోవచ్చు. ఊళ్లో ఆర్‌ఎంపీ నొప్పి తగ్గడానికని వేసే డెక్సా సూది కూడా స్టెరాయిడే. తుంటి ఎముక నుంచి మూలుగ తీస్తారంటే తల్లిదండ్రులకు టెన్షన్ సహజం, కానీ పిల్లలకు మత్తిచ్చే చేస్తారు.

4. లుకేమియా అని తేలితే పిల్లల క్యాన్సర్ చూసే ఆసుపత్రికి వెంటనే వెళ్లండి. పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఏఎల్ఎల్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా) రకం మంచి చికిత్సతో చాలామందిలో పూర్తిగా నయమవుతోంది. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వేసిన మందులు, సూదుల పేర్లు, తేదీలు రాసుకుని ఆ చీటీ డాక్టర్ చేతిలో పెట్టండి.