బెంగళూరు వానలు మొదలయ్యేలోపు నడుం నొప్పి ఉన్నవాళ్ళు చూసుకోవాల్సినవి

జూన్ వచ్చేస్తోంది, ఇంక అక్టోబర్ దాకా మారతహళ్ళి నుంచి సిల్క్ బోర్డ్ వరకు రోడ్డు మీద నీళ్ళు, నీళ్ళ కింద గుంతలు. బండి మీద ఆఫీసుకి పోయే మనవాళ్ళలో ఇదివరకే నడుం పట్టేసినవాళ్ళు ముందే జాగ్రత్త పడండి, ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే ఛాన్స్ ఎక్కువ.

బండి స్లోగా నడపండి, టైర్లలో గాలి చూసుకోండి. పీజీలో 20 లీటర్ల వాటర్ క్యాన్ ఉంటుంది చూడండి, దాన్ని ఒక్కళ్ళే ఎత్తి నడుం తిప్పుతూ డిస్పెన్సర్ మీద బోర్లించకండి, పక్క రూమ్ వాళ్ళని పిలవండి, లేదంటే క్యాన్ కిందే ఉంచి పంపు పెట్టుకోండి.

అసలు నాకు భయమంతా నొప్పి వచ్చాక జరిగేదాని గురించే. ఎవరు మళ్ళీ మామూలుగా తిరుగుతారు, ఎవరు నెలల తరబడి ఏ పనీ చేసుకోలేక ఉండిపోతారు అనేది ఒక్క నొప్పి మీదే ఉండదండీ. కాలిలోకి లాగడం, మొదట్లోనే పనులన్నీ ఆగిపోవడం ఒక ఎత్తైతే, వంగితే వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారిపోతుందేమో అన్న భయం, ఇది ఇంక తగ్గదని ఫిక్సైపోవడం, నిద్ర లేకపోవడం, డిప్రెషన్, చేసే జాబ్ అంటే విరక్తి, ఇవన్నీ ఇంకో ఎత్తు. నడుం నొప్పి ఎవరికి ఎక్కువకాలం ఉండిపోతుందో అంచనా వెయ్యడానికి ఇంగ్లాండులో కీల్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన స్టార్ట్ బ్యాక్ అనే ఫారమ్‌లో 9 ప్రశ్నలుంటే అందులో 5 ఈ భయం, దిగులు, నొప్పి ఎంత వేధిస్తోంది అనేవాటి గురించే.

ఎమ్మారై స్కాన్‌లో డిస్క్ బల్జ్ (డిస్క్ కొంచెం బయటికి ఉబ్బడం) అని రాగానే హడలిపోకండి ప్లీజ్, నొప్పే లేని 20 ఏళ్ళ వాళ్ళలో కూడా దాదాపు 30 శాతం మందికి అది ఉంటుందని 2015లో పాత స్టడీలన్నీ కలిపి చూసి చెప్పారు. ఊర్నుంచి అమ్మ ఫోన్ చేసి కదలకుండా పడుకో నాన్నా అంటుంది, ప్రేమతోనే అంటుంది, కానీ ఒకట్రెండు రోజులు మించి మంచం మీద ఉండకండి. బయట వాన పడుతుంటే అపార్ట్‌మెంట్ కారిడార్‌లోనే పది నిమిషాలు నడవండి, మెల్లగా పెంచండి. నొప్పి రాకముందే మేనేజర్‌తో మాట్లాడి పెట్టుకోండి, వానరోజుల్లో ఇంటి నుంచి పని ఇస్తారేమో. మనసు బాగోకపోతే డాక్టర్‌కి అది కూడా చెప్పండి, నడుం గురించి వచ్చి ఇదెందుకులే అనుకోవద్దు.

ఒక్క విషయంలో మాత్రం ఆగకండి: ఒంటికి పోవడం ఆగిపోయినా, కంట్రోల్ తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాళ్ళు పట్టు తప్పుతున్నా వాన తగ్గనీ, పొద్దున చూద్దాం అనకుండా ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్ళండి. నడుం నొప్పితో పాటు జ్వరమున్నా, ఊరికే బరువు తగ్గుతున్నా, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉన్నా, బండి మీంచి పడ్డాక మొదలైనా వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి.