లినక్స్ డ్రైవర్ పాఠాలు – 4: నిద్రపోయే డివైజ్‌కు మెమరీ ఎప్పుడు తీసుకోవాలి?

పోయిన భాగంలో ప్రోబ్ (డివైజ్ దొరకగానే కెర్నెల్ పిలిచే ఫంక్షన్), రిమూవ్ (డివైజ్ తీసేసేటప్పుడు పిలిచేది) రాశాం, ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ను లేపే సంకేతం) కూడా కట్టాం. ఇప్పుడు కరెంటు పొదుపు, మెమరీ వాడకం కలిపి నేర్చుకుందాం. ఈ రెండింటినీ విడివిడిగా చూసిన డ్రైవర్ రోజూ బాగానే నడుస్తుంది. ల్యాప్‌టాప్ మూత వేసి తీశాక మొరాయిస్తుంది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ అనుకోండి. లోపల ఉష్ణోగ్రత, తేమ కొలిచే లినక్స్ బోర్డు బ్యాటరీ మీద నడుస్తోంది. సెన్సార్ సెకనుకో రీడింగ్ ఇస్తుంది, ఒక్కోటి 8 బైట్లు. ప్రతి రీడింగ్‌కూ ఇంటరప్ట్ పెడితే ప్రాసెసర్ గంటకు 3600 సార్లు లేవాలి. చిప్‌లో 64 రీడింగులు పట్టే ఫీఫో (ముందొచ్చింది ముందు బయటికిచ్చే చిన్న నిల్వ) ఉంటే, అది నిండాకే లేపమనొచ్చు. అప్పుడు గంటకు 56 సార్లు లేస్తే చాలు. వాటిని చదవడానికి డ్రైవర్‌కు కావాల్సిన బఫర్ (డేటా తాత్కాలికంగా పెట్టే మెమరీ) 512 బైట్లే. బస్తాకో లారీ ఎవరూ కట్టరు కదా! కాకపోతే కూలింగ్ ఆగిన సంగతి నిమిషం ఆలస్యంగా తెలుస్తుంది. మిర్చికి ఆ నిమిషం ఫరవాలేదు, టచ్‌స్క్రీన్‌కైతే అస్సలు కుదరదు. అందుకే బఫర్ సైజు తేల్చే ముందు ఎంత ఆలస్యం ఓర్చుకోగలమో అడగండి.

ఇక అసలు విషయం. కొత్తగా రాసేవాళ్లు సస్పెండ్‌లో (నిద్రపోయేటప్పుడు నడిచే ఫంక్షన్) బఫర్ ఫ్రీ చేసి, రెజ్యూమ్‌లో (లేచేటప్పుడు నడిచేది) మళ్లీ అలకేట్ చేస్తుంటారు, అంటే మెమరీ అడిగి తీసుకుంటారు. పొదుపు చేస్తున్నామని వాళ్ల నమ్మకం. కానీ సిస్టమ్ పడుకున్నా ర్యామ్ చిప్ తనలోని డేటా పోకుండా తనను తాను రిఫ్రెష్ చేసుకుంటూనే ఉంటుంది. మీ 512 బైట్లు వదిలేసినంత మాత్రాన ఆ ఖర్చు తగ్గదు.

పైగా రెజ్యూమ్‌లో మెమరీ అడగడం ప్రమాదం. మెమరీ ఎలా ఇవ్వాలో చెప్పే ఫ్లాగుల్లో మామూలుగా వాడే జీఎఫ్‌పీ కెర్నెల్‌తో అడిగితే, ఖాళీ లేనప్పుడు కెర్నెల్ కొన్ని పేజీలను డిస్కుకు రాసి చోటు చేయాలని చూస్తుంది. ఆ డిస్కే ఇంకా నిద్రలో ఉంటే? మెమరీ కోసం డ్రైవర్, డిస్కు కోసం మెమరీ ఎదురు చూస్తూ కూర్చుంటాయి. ఈ ముడి పడకూడదనే సిస్టమ్ సస్పెండ్ సమయంలో కెర్నెల్ తనంతట తానే డిస్కు జోలికి వెళ్లే అనుమతిని ఆ ఫ్లాగుల నుంచి తీసేస్తుంది. అలా ముడి తప్పినా, అలకేషన్ ఫెయిలయ్యే అవకాశం పెరుగుతుంది. రెజ్యూమ్‌లో ఫెయిలైతే డివైజ్ చచ్చినట్టే, యూజర్‌కు కారణం కూడా తెలియదు. కాబట్టి కావాల్సిందంతా ప్రోబ్‌లోనే తీసుకోండి, రిమూవ్‌లో వదలండి. పవర్ తీసేస్తే చిప్ రిజిస్టర్లు చెరిగిపోతాయి గనుక వాటి కాపీకి కూడా ప్రోబ్‌లోనే చోటు పెట్టండి. రిజిస్టర్ విలువల కాపీ ఉంచే కెర్నెల్ సదుపాయం, రిజిస్టర్ మ్యాప్ క్యాష్ వాడితే ఆ కాపీని అదే చూసుకుంటుంది. సస్పెండ్‌లో క్యాష్‌ను డర్టీ అని గుర్తుపెట్టి, రెజ్యూమ్‌లో సింక్ పిలవండి.

డివైజ్‌ను ఎందరు వాడుతున్నారో కెర్నెల్ పెట్టుకునే కౌంట్, అంటే వాడకం లెక్క గురించి ఒక మాట. అది సున్నా అయితేనే డివైజ్ నిద్రపోతుంది. డివైజ్‌ను లేపి ఆ కౌంట్ పెంచే ఫంక్షన్, పీఎం రన్‌టైమ్ గెట్ సింక్ ఫెయిలైనా కౌంట్ మాత్రం పెరుగుతుంది. ఎర్రర్ దారిలో దాన్ని తగ్గించడం మరిచిపోతే డివైజ్ ఇక నిద్రపోదు, బ్యాటరీ ఖాళీ అవుతూనే ఉంటుంది. దాని బదులు 5.10 కెర్నెల్‌లో వచ్చిన పీఎం రన్‌టైమ్ రెజ్యూమ్ అండ్ గెట్ వాడండి, ఫెయిలైతే కౌంట్ అదే సర్దుతుంది.

అభ్యాసం: మీ ల్యాప్‌టాప్‌లో సిస్ డైరెక్టరీ కింద బస్, యూఎస్‌బీ, డివైసెస్ లోపలికి వెళ్లి వెబ్‌క్యామ్ పవర్ ఫోల్డర్ తెరవండి. కంట్రోల్ ఫైల్‌లో ఆటో అని ఉండాలి. రన్‌టైమ్ స్టేటస్ చూడండి: సస్పెండెడ్. కెమెరా యాప్ తెరిచి మళ్లీ చూస్తే యాక్టివ్. యాప్ మూసి కాసేపు ఆగండి. యూఎస్‌బీ డిఫాల్ట్ ఆలస్యం 2 సెకన్లు, ఆ తర్వాత మళ్లీ సస్పెండెడ్ కనబడాలి. ఆటోసస్పెండ్ డిలే ఫైల్‌లో విలువను రూట్‌గా 10000 (మిల్లీసెకన్లలో, అంటే 10 సెకన్లు) చేసి తేడా రాసిపెట్టుకోండి. వచ్చే భాగంలో డీఎంఏ (ప్రాసెసర్ లేకుండా డివైజే మెమరీని నేరుగా చదివి రాసే పద్ధతి) బఫర్లకు ఆ నోట్స్ కావాలి.