కార్మిక సంఘం లెక్కలు – 5వ పాఠం: ఒప్పందం ఏ నెలలో ముగియాలి?

మీ ఫ్యాక్టరీలో మీ సంఘం బేరం బలం ఎంతో ఒక పేజీలో రాయమని పోయిన పాఠం చివర అడిగాను. వచ్చిన జవాబులన్నీ చదివాను. ముప్పాతిక మంది ఒకే మాట రాశారు: "240 మందిలో 200 మంది మా సంఘంలోనే ఉన్నారు, కాబట్టి బలం బాగానే ఉంది." ఈ తప్పు నాది. సభ్యత్వం గురించి నాలుగు పేజీలు రాసి, బేరం గురించి అర పేజీతో సరిపెట్టాను. అందుకే ఈసారి చెప్తానన్న జీతం చీటీ పాఠం పక్కనబెట్టి, ముందు దీన్ని సరిచేద్దాం.

తలకాయల లెక్కే బలమైతే బొంబాయి మిల్లు కార్మికులు గెలిచి ఉండాలి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది మగ్గాలు ఆపారు. ఏడాది దాటినా గెలవలేదు. బట్ట మిల్లుల బయటి పవర్‌లూమ్‌ల (చిన్న మరమగ్గాల) నుంచి వస్తూనే ఉంది. చాలా మిల్లులు అప్పటికే నష్టాల్లో ఉన్నాయి, మూతపడితే కొందరు యజమానులకు భారం తగ్గినట్టే. కార్మికుల ఇళ్లలో మాత్రం పొయ్యి ఆగింది. అంతమంది ఉండీ ఓడిపోయింది ఇక్కడే.

అందుకని నేను బలాన్ని రెండు ప్రశ్నలతో కొలుస్తాను. పని ఆగితే రోజుకు యజమానికెంత పోతుంది, మనకెంత పోతుంది? ఆ నష్టాన్ని ఎవరు ఎన్నాళ్లు ఓర్చుకోగలరు? మిగతావన్నీ వీటిలోనే ఇమిడిపోతాయి.

మన చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీనే తీసుకోండి. జూన్, జూలైల్లో తోతాపురి దిగుతుంది. కాయను మాగబెట్టే గదిలో పెడతారు. మాగిందంటే ఒకటి రెండు రోజుల్లో గుజ్జు తీసెయ్యాలి, లేకపోతే కుళ్లిపోతుంది. ఆ వారాల్లో బెల్టు దగ్గర నిలబడి కాయలు ఏరే, కోసే ఆడవాళ్ల చేతులు చూశారా? సొన పడి వేళ్ల సందుల్లో తోలు ఊడి వస్తుంటుంది. వాళ్లు ఒక్క పూట ఆగితే లోపల టన్నులకొద్దీ పండు పాడవుతుంది. అదే ఆడవాళ్లు, అదే సంఘం, అదే 200 మంది డిసెంబర్లో ఎంత గట్టిగా అడిగినా ఫ్యాక్టరీకి పైసా నష్టం లేదు. గుజ్జంతా డ్రమ్ముల్లో చేరి ఎగుమతికి సిద్ధంగా ఉంటుంది. సంఖ్య మారలేదు, నెల మారింది, బలం సున్నాకొచ్చింది.

బాయిలర్ నడిపే నలుగురి సంగతీ చెప్పాలి. సర్టిఫికెట్ ఉన్నవాడు లేకుండా బాయిలర్ నడపడానికి చట్టం ఒప్పదు. వాళ్ల జీతం మొత్తం ఖర్చులో గోరంత, వాళ్లు ఆగితే ఫ్యాక్టరీయే ఆగుతుంది. ఖర్చులో వాటా తక్కువై, బదులు మనిషి దొరకని చోట కూలి పెంచుకోవడం సులువని ఆల్ఫ్రెడ్ మార్షల్ అనే ఆర్థికవేత్త వందేళ్ల ముందే చెప్పాడు. యజమాని ఆ నలుగురికి విడిగా పెంచి పక్కకు తప్పించాలని చూస్తాడు. వాళ్లను బెల్టు ఆడవాళ్లతో ఒకే డిమాండ్ పత్రంలో కట్టిపడెయ్యడమే సంఘం పని. నా మటుకు నేను ఏ డిమాండ్ పత్రమైనా బాయిలర్ దగ్గర్నుంచే మొదలుపెడతాను.

ఇప్పుడు అసలు గొయ్యి. దీంట్లో నేనూ పడ్డాను, నాతో పాటు నూట అరవై మంది పడ్డారు. ఏళ్లు గడిచినా మనసు కుదుటపడలేదు, అందుకే కాస్త పొడుగ్గా చెప్తాను.

ఒక గుజ్జు ఫ్యాక్టరీలో మూడేళ్ల ఒప్పందం మీద సంతకాలు పెట్టాం. కూలి రేటు మీద నాలుగు రోజులు వాదించాం. చివరి పేజీలో గడువు "డిసెంబర్ 31" అని ఉంది. ఏడాది చివర కదా, సహజమే అనుకుని ఎవరం పట్టించుకోలేదు. మూడేళ్ల తర్వాత జనవరిలో మళ్లీ చర్చలకు కూర్చున్నాం. బెల్టు మీద టార్పాలిన్ కప్పి ఉంది, గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే. మేనేజర్ మర్యాదగా టీ తెప్పించాడు, మేం చెప్పిందంతా విన్నాడు, "చూద్దాం" అన్నాడు. మార్చి దాకా అదే మాట. ఈలోగా మేస్త్రీ ఊళ్లోకి వచ్చి, సీజన్‌కు ఎవరిని పిలవాలో పేర్లు రాసుకుంటున్నానన్నాడు. ఆ పేర్లలో తమది ఉండదేమోనని ఆడవాళ్లు భయపడ్డారు. రోజుకు 6 రూపాయలు పెంచితే ఒప్పుకున్నాం. జూన్‌లో అడిగి ఉంటే అంతకు రెండు మూడింతలు రాబట్టేవాళ్లం.

గడువు ముగిసింది కదా, జూన్ దాకా ఆగి సమ్మె చెయ్యొచ్చుగా అని చాలామంది అడుగుతారు. చట్టం అలా లేదు. గడువు తేదీతో ఒప్పందం పోదు. రద్దు చేస్తున్నామని రాతపూర్వకంగా నోటీసిచ్చి 60 రోజులు దాటేదాకా అది ఇద్దరినీ కట్టేస్తుంది. 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఏ ఫ్యాక్టరీలోనైనా 14 రోజుల నోటీసు లేకుండా సమ్మె చెయ్యకూడదు. నోటీసు వెళ్లాక రాజీ అధికారి, అంటే రెండు పక్షాలకూ రాజీ కుదిర్చే ప్రభుత్వ అధికారి, పిలుస్తాడు. ఆ రాజీ నడిచినన్నాళ్లూ, ముగిశాక మరో 7 రోజులూ సమ్మె నిషిద్ధం. సీజనే రెండు నెలలు. సీజన్ మొదలయ్యాక నోటీసిచ్చినవాడి చేతికి మిగిలేది జూలై చివర.

కాబట్టి వెనక్కి లెక్కించండి. జూన్ మొదటి వారానికి ఏ కట్టూ లేకుండా సమ్మెకు వీలుండాలి. మే 10 ప్రాంతంలో సమ్మె నోటీసు. రాజీకి సుమారు రెండు వారాలు, ఆపై 7 రోజులు. రద్దు నోటీసు 60 రోజులు మే 31కి తీరాలంటే అది ఏప్రిల్ 1న వెళ్లాలి. అంటే గడువు మార్చి 31 ఉండాలి. సంతకం పెట్టేటప్పుడు రేటులో ఒక రూపాయి తగ్గినా ఫర్వాలేదు, ఈ తేదీ వదలకండి. మార్చి 31 ఆర్థిక సంవత్సరం ముగింపు కాబట్టి మేనేజ్‌మెంట్ కూడా పెద్దగా అభ్యంతరపెట్టదు. నోటీసు ఇవ్వడమంటే సమ్మె చేసి తీరాలని కాదు. ఆ కాగితం సమయానికి బల్ల మీద ఉంటే చాలా బేరాలు మే నెలలోనే తెగుతాయి.

ఒక జాగ్రత్త. 2025లో కాయ విరగకాసింది, పాత గుజ్జు నిల్వలున్నాయని ఫ్యాక్టరీలు కొనడానికి వెనకాడాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 కలిపి రైతుకు 12 ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. అలాంటి ఏడు పని ఆపితే యజమానికి మేలు చేసినట్టే. గేటు బయట ట్రాక్టర్ల మీద కాయ వేసుకుని రాత్రంతా కాచుకునే రైతు నష్టపోతాడు. ఆ రైతు చాలాసార్లు మన ఆడవాళ్ల అన్నో, మామో అయ్యుంటాడు. నిల్వలున్న ఏడాది కూలి రేటు కన్నా ఉన్న పనిరోజులు తగ్గకుండా రాయించుకోవడం మేలు.

సాధన. ఈసారి బరువైన పనే, అయినా చెయ్యండి. రెండు వారాలు మీ గేటు దగ్గర రోజూ లోపలికొచ్చే బండ్లు, బయటికెళ్లే సరుకు లెక్క రాయండి. గుజ్జు ఫ్యాక్టరీ కాకపోతే మీ సరుకు ఏ నెలలో ఎక్కువ పోతుందో డిస్పాచ్ వాళ్లను అడగండి. తర్వాత పది ఇళ్లకు వెళ్లి, కూలి ఆగితే బియ్యం ఎన్నాళ్లకొస్తాయో, కిరాణా కొట్టులో అప్పు ఎంతుందో, పొదుపు సంఘం కిస్తీ ఏ తేదీనో రాసుకోండి. మగవాళ్లను అడక్కండి, ఇల్లు నడిపే ఆడవాళ్లను అడగండి. ఈ రెండు లెక్కలూ ఒకే క్యాలెండర్ మీద వేసి, మీ పాత ఒప్పందం చివరి పేజీ తీసి, గడువు తేదీ ఎక్కడ పడుతుందో ఎర్రగా గుండ్రం చుట్టండి.