నీళ్ళ డబ్బాలు తూటాని ఆపవు: జింకల సీజన్ ముందు బుల్లెట్ టెస్ట్ చేసేవాళ్ళకి జాగ్రత్తలు

టెక్సాస్‌లో జింకల సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. అంతకు ముందు నెల రోజులూ ఇక్కడ వేటకెళ్ళే మనవాళ్ళ మధ్య ఒకటే చర్చ. ఏ రైఫిల్‌కి ఏ తూటా బాగుంటుంది, దగ్గర్నుంచి కొడితే సరిగ్గా విచ్చుకుంటుందా, ముక్కలైపోతుందా అని. తూటా ఎంత లోతుకి పోతుందో, ఎలా విచ్చుకుంటుందో చూడటానికి మొన్న తెలిసినవాళ్ళు ఒక రాంచ్‌లో గ్యాలన్ నీళ్ళ డబ్బాలు వరసగా పెట్టి .308 (ఒక వేట తూటా సైజు) రైఫిల్‌తో పది గజాల నుంచి కాల్చారు. తూటా మూడో డబ్బా పక్కనుంచి బయటపడి, వెనక నిలబెట్టిన ప్లైవుడ్‌ని దాటి, అవతల ఆపి ఉన్న ట్రక్కు తలుపులో దిగింది. ఆ సమయానికి ట్రక్కులో ఎవరూ లేరు. కాసేపటి క్రితం దాకా పిల్లలు అందులోనే ఏసీ వేసుకుని కూర్చున్నారు.

కళ్ళద్దాలు పెట్టుకోండి, ట్రిగ్గర్ మీద వేలు ఉంచకండి లాంటివి ఇక్కడ మళ్ళీ చెప్పను. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు టెక్సాస్‌లో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ చేసి తీరాలి, అవన్నీ అందులోనే నేర్పుతారు. నేను చెప్పేది ఇలాంటి టెస్టుల్లో మళ్ళీ మళ్ళీ చూస్తున్న ఒకే ఒక్క తప్పు గురించి: తూటాని కొలవడానికి పెట్టినదాన్నే తూటాని ఆపే గోడ అనుకోవడం.

తూటా ఎందుకు పక్కకి పోతుంది

150 గ్రెయిన్ల (తూటా బరువుని గ్రెయిన్లలో కొలుస్తారు) .308 తూటా తుపాకీ గొట్టం దాటేటప్పుడు సెకనుకి సుమారు 2,800 అడుగుల వేగంతో ఉంటుంది. వంద, రెండొందల గజాలు వెళ్ళేసరికి ఆ వేగం బాగా తగ్గుతుంది. మామూలు సాఫ్ట్ పాయింట్ అంటే సీసానికి రాగి తొడుగు. దూరాన చక్కగా పుట్టగొడుగులా విచ్చుకునే ఈ తూటా, పది గజాల్లో పూర్తి వేగంతో తగిలితే తొడుగు ఒక దారి, సీసం ఒక దారి పట్టవచ్చు. సీసాన్ని తొడుగుకి అతికించి చేసే బాండెడ్ తూటాలు, మధ్యలో అడ్డుగోడ ఉన్న నోస్లర్ పార్టిషన్ లాంటివి వచ్చింది ఈ చిక్కు తీర్చడానికే. పూర్తిగా రాగితో చేసినవైతే ముందు భాగం రేకులుగా విడిపోయినా, చాలావరకు బరువు పోగొట్టుకోవు. అందుకే అవి లోతుగా వెళ్తాయి. సాఫ్ట్ పాయింట్‌ని ఆపిన నాలుగైదు డబ్బాలు రాగి తూటాని కూడా ఆపుతాయని లెక్కేసుకోవద్దు.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. తెలియనిది దీని తర్వాత జరిగేది. రేకులు అన్నీ సమానంగా విచ్చుకోవు. ఒక రేకు విరిగినా, ఒక పక్క సీసం ఎక్కువ చెదిరినా తూటా వంకర తిరుగుతుంది. దానికి తోడు డబ్బా గుండ్రంగా ఉంటుంది, డబ్బాకీ డబ్బాకీ మధ్య గాలి ఉంటుంది. నీళ్ళలోకి దిగడం, గాలిలోకి రావడం, మళ్ళీ నీళ్ళలోకి దిగడం. ప్రతి మార్పులోనూ దారి మళ్ళే అవకాశం ఉంది. వరస పొడుగు పెంచినంత మాత్రాన లాభం లేదు, ఎందుకంటే తూటా వరస చివరి నుంచి కాదు, పక్కనుంచి పోతుంది. పైనుంచి కూడా పోతుంది.

నీళ్ళ డబ్బాలు కొలుస్తాయి, ఆపవు. తూటా టెస్టులకి మాంసం బదులు వాడే జెల్ దిమ్మె అయినా అంతే. నానబెట్టిన పేపర్ కట్టలైనా అంతే.

ఆపేది మట్టి. రాళ్ళు లేని, మనిషి ఎత్తు దాటిన, డబ్బాలకి రెండు పక్కలా వెడల్పుగా సాగిన మట్టికట్ట. ప్లైవుడ్, ఫెన్సు, పాత టైర్లు, చెట్ల గుబురు మట్టికట్ట కింద లెక్క కావు. పది గజాల్లో కాలుస్తున్నాం కదా, వెనక ఏముంటే ఏమిటి అంటారు కొందరు. టార్గెట్ పది గజాల్లో ఉంది గానీ, తప్పించుకున్న తూటా రెండు మైళ్ళకి పైగా పోగలదు. పైగా టెక్సాస్ చట్టం ప్రకారం మీరు కాల్చిన తూటా మీ స్థలం హద్దు దాటితే అది నేరం. పక్క స్థలం యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప.

ఫోటో తీసేవాడు ఎక్కడ నిలబడ్డాడు

ట్రక్కు తలుపు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ఇది. నీళ్ళు ఎగిరిపడటం స్లో మోషన్‌లో రావాలని ఒక తమ్ముడు ఫోన్ పట్టుకుని డబ్బాలకి పక్కగా, పదిహేను ఇరవై అడుగుల దూరంలో నిలబడతాడు. "నేను లైన్‌లో లేను కదన్నా" అంటాడు. తూటా లైన్‌లో ఉంటుందని ఎవరు చెప్పారు? విడిపోయిన రాగి తొడుగు, విరిగిన రేకులు, కొన్నిసార్లు తూటాయే, పక్కకి వచ్చేది సరిగ్గా అక్కడికే. ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి రికార్డింగ్ ఆన్ చేసి వెనక్కి రండి. రైఫిల్ గొట్టం చివరకన్నా ముందు ఒక్క మనిషి కూడా ఉండకూడదు. పక్కగా కూడా. దూరంగా కూడా.

డబ్బాలు కొలుస్తాయి, ఆపవు.

వీసా మీద ఉన్నవాళ్ళు ఇది చదవండి

హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం దీనికి ఒక మినహాయింపు. ఇక్కడే మనవాళ్ళు పొరబడతారు. సొంతదారు అనుమతి ఉన్న ప్రైవేటు స్థలంలో అడవి పందుల్ని కొట్టడానికి టెక్సాస్ 2019 నుంచి లైసెన్స్ అడగడం లేదు. "పందులకేగా, లైసెన్స్ ఎందుకు" అనుకుంటే రాష్ట్రం ఏమీ అనదు గానీ, ఫెడరల్ చట్టం దగ్గర మీకున్న మినహాయింపు పోతుంది. లైసెన్స్ లేకుండా ఫ్రెండ్ రైఫిల్‌తో "ఒక్క రౌండ్ కాలుస్తా" అన్నా కష్టమే. టెక్సాస్ మామూలు హంటింగ్ లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. నిరుడు తీసుకున్నది జేబులో పెట్టుకుని అక్టోబరులో టెస్టుకి రాకండి. గ్రీన్ కార్డు పనులు మధ్యలో ఉన్నవాళ్ళు లాయర్‌ని అడగకుండా అసలు ముట్టుకోకండి.

ఇక మిగతావి.

దగ్గర్లో స్కోప్‌ని నమ్మొద్దు. స్కోప్ గొట్టానికి ఒకటిన్నర, రెండు అంగుళాలు పైన ఉంటుంది. వంద గజాలకి జీరో చేసిన (గురి సరిచేసిన) రైఫిల్ పది గజాల్లో అంగుళం పైనే కిందికి కొడుతుంది. స్కోప్‌లో డబ్బా మధ్య కనిపిస్తున్నా, గొట్టం ముందు బెంచీ అంచో, తూటా వేగం కొలిచే క్రోనోగ్రాఫో ఉండొచ్చు. గొట్టం ముందు ఏముందో కంటితో చూసుకోండి.

డబ్బాలు ఇనుప బల్ల మీద పెట్టొద్దు. కిందికి దిగిన తూటా బల్ల తగిలి పైకి లేస్తుంది.

ప్రతి తూటాకీ కొత్త వరస. మొదటి దెబ్బకే డబ్బాలు చెదిరిపోతాయి. మిగిలినవాటిని అటూ ఇటూ సర్ది రెండోది కాల్చడం వల్లే చాలా తూటాలు పక్కకి పోయాయి.

దూరం నుంచి కొట్టినట్టు ఉండాలని తుపాకీ మందు తగ్గించి తూటాలు చేసుకోవద్దు. నెమ్మదిగా మండే మందుని బాగా తగ్గిస్తే ఛాంబర్‌లో (తూటా కూర్చునే అరలో) పీడనం అనుకోని విధంగా పెరిగిన సందర్భాలున్నాయి, లేదా తూటా గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. పైగా వేగంతో పాటు తూటా తిరిగే వేగమూ తగ్గుతుంది కాబట్టి ఫలితం కూడా సరైనది కాదు. దూరం సంగతి తెలియాలంటే దూరం నుంచే కాల్చండి.

శబ్దం పీలగా వచ్చిందా, ఆగండి. బోల్ట్ (ఛాంబర్‌ని వెనకనుంచి మూసే కడ్డీ) తీసి, ఛాంబర్ ఖాళీ చేసి, గొట్టంలోంచి వెలుతురు కనిపించాకే రెండోది.

టిక్ మని పేలలేదా, కనీసం 30 సెకన్లు గొట్టం మట్టికట్ట వైపే ఉంచండి.

బల్ల మీద ఒక రైఫిల్, ఒక రకం తూటాలు. లావైన .300 బ్లాకౌట్ తూటా సన్న గొట్టం ఉన్న .223 రైఫిల్‌లో పట్టేస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే రైఫిల్ చేతుల్లోనే పగులుతుంది.

ఎండుగడ్డి ఉన్నచోట రాగి తూటాలతో జాగ్రత్త. గట్టిదాన్ని కొట్టి చెదిరిన ముక్కలు ఎండిన చెత్తని అంటించగలవని అమెరికా అటవీ శాఖ పరిశోధన 2013లోనే తేల్చింది. బకెట్ నీళ్ళు, పార దగ్గర ఉండాలి.

సింథటిక్ జెల్ దిమ్మెని పొయ్యి మంట మీద కరిగించొద్దు. అందులో ఉన్నది నూనె.

చెవులకి లోపల ప్లగ్గులు, పైన మఫ్స్. రెండూ. రైఫిల్ శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్క రౌండ్‌తోనే చెవి పాడవచ్చు. గ్యారేజీ షెడ్డు కింద కాల్చడం అసలే వద్దు.

డబ్బా పేలగానే పరుగెత్తొద్దు. పది గజాలే కదా అని ఎవరూ రైఫిల్ తెరవరు. బోల్ట్ వెనక్కి, మ్యాగజైన్ బయటికి, ఛాంబర్‌లో వేలు పెట్టి చూడాలి. రైఫిల్ బల్ల మీద ఉంచి అందరూ దానికి దూరంగా జరిగాకే ఒకరు ముందుకి వెళ్ళాలి.

రైఫిల్ శుభ్రం చేసేముందూ అదే. 2024 నవంబరులో అట్లాంటాలో చదువుకుంటున్న మన తెలుగు కుర్రాడొకడు కొత్త వేట తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు.

దొరికిన తూటాని ఉత్త చేత్తో పట్టుకోవద్దు. రాగి రేకులు బ్లేడంత పదును.

సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగకుండా ఏదీ తినొద్దు. పిల్లల్ని ఎత్తుకోవద్దు.

బీరు ఇంటికెళ్ళాక.

మట్టికట్ట లేని చోట టెస్ట్ లేదు. డబ్బాలు ఎన్ని పెట్టినా లేదు. షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి, అక్కడి రేంజ్ ఆఫీసర్‌ని అడిగి, ఆయన సరే అంటేనే కాల్చండి. కాదంటే డబ్బాలు ట్రక్కులో వేసుకుని వెనక్కి రండి.